స్టీలు బిల్డింగే కదా అని ధీమా వద్దు: భూకంపం తర్వాత తనిఖీలో జాగ్రత్తలు

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగులో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్ దాకా తెలిసింది. అప్పటినుంచి షెడ్లు, స్టీలు ఫ్రేమ్ బిల్డింగులు ఉన్నవాళ్ల నోట తరచూ ఒకే మాట: "మాది స్టీలండీ, దానికేమవుతుంది?" ఆ మాటే నాకు భయం.

1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్‌లో 6.7 తీవ్రతతో భూమి కంపించింది. వెల్డింగుతో కట్టిన స్టీలు ఫ్రేమ్ బిల్డింగు ఒక్కటీ కూలలేదు. చాలావాటికి గోడలూ అద్దాలూ కూడా బాగానే ఉన్నాయి. తర్వాత ఉక్కు మీది ఫైర్‌ప్రూఫింగ్ (మంటను తట్టుకునే) పూత ఊడదీసి చూస్తే, వందకు పైగా బిల్డింగుల్లో బీమ్ కాలమ్‌ను కలిసేచోట వెల్డింగు పగిలి ఉంది. కొన్నిచోట్ల పగులు కాలమ్‌లోకీ పాకింది. మరుసటి ఏడాది అదే తేదీన కోబేలో స్టీలు బిల్డింగులు కూలాయి కూడా.

కాంక్రీటు బీటలిచ్చి చెబుతుంది. స్టీలు జాయింటు ఫాల్స్ సీలింగు పైన, ఫైర్‌ప్రూఫింగ్ పూత కింద ఉండిపోతుంది. తనిఖీకి వచ్చినాయన నాలుగు అంతస్తులు తిరిగి, గోడలు చూసి, "ఏం కాలేదు" అని రాసిచ్చేస్తాడు. కొంపలు ముంచేది ఈ ఒక్క పనే. తనిఖీ చేసే ఇంజనీర్లకు నా మాట ఇదే: పూత తీయకుండా సంతకం పెట్టకండి.

ఎక్కడ తీయాలి? ముందు బీమ్ కింది ఫ్లాంజ్ (అడుగున అడ్డంగా ఉండే పలక) కాలమ్‌ను కలిసేచోట. అక్కడ వెల్డర్ పైనుంచి వంగి వెల్డు వేస్తాడు. నడుమ బీమ్ వెబ్ (నిలువు పలక) అడ్డం రావడంతో ఆపి, అటువైపు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. లోపం మిగిలేది సరిగ్గా ఆ ఆపినచోటే. వెల్డు కింద పెట్టిన బ్యాకింగ్ పట్టీ అలాగే వదిలేస్తే దాని అంచు గాటులా పనిచేసి పగులును మొదలుపెడుతుంది. వైర్ బ్రష్‌తో శుభ్రంగా రుద్ది, టార్చి ఏటవాలుగా వేసి చూడండి. కంటికి ఆనలేదని వదలకండి, అల్ట్రాసోనిక్ పరీక్ష (ధ్వని తరంగాలతో లోపలి పగులు పట్టేది) చేయించండి.

నిచ్చెనకు అందిన జాయింట్లే చూసి ముగించకండి. తూకం గుండు వేలాడదీసి కాలమ్‌ల నిలువు చూసి, ఎక్కువ ఒరిగిన అంతస్తులో మొదలుపెట్టండి. మూల కాలమ్‌లు వదలొద్దు.

పెయింటు పొలుసులుగా రాలితే అక్కడ ఉక్కు సాగిందేమో చూడాలి. బేస్‌ప్లేటు (కాలమ్ అడుగు పలక) కింద గ్రౌటు (నింపిన సిమెంటు ముద్ద) నలిగిందా, యాంకర్ బోల్టు నట్టుకూ ప్లేటుకూ మధ్య సందు వచ్చిందా చూడండి. షెడ్లలో రాఫ్టర్ (కప్పు దూలం) అతుకుల బోల్టులు, వేలాడుతున్న బ్రేసింగ్ రాడ్లు (ఫ్రేమ్ ఒరగకుండా ఏటవాలుగా బిగించేవి) చూడండి. వంగిన బ్రేసింగును సుత్తితో సరిచేయించొద్దు. పగులు మీద వెల్డు పూయొద్దు. పగులు మొత్తం తొలిచి తీసి, పోయిందని పరీక్షించాకే కొత్త వెల్డు. దన్ను పెట్టకుండా ఏ జాయింటూ కోయొద్దు. పాత బిల్డింగులో పూతలో ఆస్‌బెస్టాస్ ఉందేమో పరీక్షించకుండా గీకొద్దు. మళ్లీ కంపిస్తే తనిఖీ మళ్లీ మొదటినుంచి.

ఓనరు తొందరపెడతాడు. అద్దెలు ఆగాయంటాడు. అయినా పూత తీయకుండా సంతకం పెట్టకండి. తీసిన పూత తిరిగి వేయించేదాకా జనాన్ని లోపలికి రానివ్వకండి. ఉత్త ఉక్కు మంటకు నిలవదు.