గోటిలో ప్రాణం ఎక్కడ మొదలవుతుంది: మానిక్యూర్ నేర్చుకునే విద్యార్థులకు

ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు అరచేతిలో రెండు మూడు వారాల్లో వెలిసిపోతుంది గానీ, గోటి మీది ఎరుపు మాత్రం నెలల తరబడి నిలుస్తుంది. దసరా నాటికి ఆ ఎరుపు సగానికి పైగా ముందుకు జరిగిపోయి, వెనక రంగు పట్టని కొత్త గోరు కనిపిస్తుంది. గోటి నిర్మాణం గురించి విద్యార్థి తెలుసుకోవలసిన మొదటి రెండు సంగతులు ఇందులోనే ఉన్నాయి. చర్మం తన పైపొరను ఎప్పటికప్పుడు రాల్చుకుంటుంది కాబట్టి రంగు పోయింది. గోటి పలక కెరాటిన్ అనే గట్టి మాంసకృత్తుతో నిండిన మృతకణాల పొరలు కాబట్టి రంగు నిలిచింది. ఆ పలక వెనక నుంచి ముందుకు జరిగిందంటే, దాన్ని తయారుచేసే చోటు గోటి మొదట్లో, చర్మం కింద ఉందన్నమాట. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలిగోరు అందులో సగమో అంతకన్నా తక్కువో పెరుగుతుంది. ఊడిన చేతి గోరు పూర్తిగా రావడానికి దాదాపు ఆరు నెలలు పడితే, కాలి బొటనవేలికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

గోరును తయారుచేసే ఆ చోటును మ్యాట్రిక్స్ అంటారు. బొటనవేలి గోటి మొదట్లో లేత తెలుపులో కనిపించే అర్ధచంద్రాకారం, అంటే లూనులా, దానిలో బయటికి కనిపించే కొసభాగం. మ్యాట్రిక్స్‌కు బలమైన దెబ్బ తగిలితే గోరు జీవితాంతం వంకరగానో చీలికతోనో రావచ్చు, అందుకే గోటి మొదట్లో లోహపు పనిముట్టుతో గట్టిగా నొక్కడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పలక కింద రక్తనాళాలతో గులాబీ రంగులో ఉండేది నెయిల్ బెడ్. పలక దాన్ని వదిలి ముందుకు వచ్చే చోట, గోటి కొస కింద చర్మం అతుక్కుని ఉండే సన్నని అంచు హైపోనీకియం. గోళ్ల కింద మట్టి తీస్తున్నామని మొనతేలిన పుల్లతో ఇక్కడ గీకితే ఆ అతుకు తెగి, పలక నెయిల్ బెడ్ నుంచి లేవడం మొదలవుతుంది.

క్యూటికల్ విషయంలో మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే సెలూన్లలో చాలా గాయాలు ఇక్కడే జరుగుతాయి. గోటి మొదట్లో మడతలా కనిపించే చర్మాన్నంతా మనవాళ్లు క్యూటికల్ అనేస్తారు. నిజానికి ఆ మడత అంచు ఎపొనీకియం, అది ప్రాణమున్న చర్మం, కోస్తే రక్తం వస్తుంది. దాని అడుగు నుంచి ఊడి పలక మీద పల్చగా, పారదర్శకంగా అతుక్కుని ఉండే మృతచర్మమే అసలు క్యూటికల్. ఈ రెండూ కలిసి మ్యాట్రిక్స్‌లోకి నీళ్లూ క్రిములూ చొరబడకుండా మూత వేస్తాయి. పలక మీదికి పాకిన మృతచర్మాన్ని తీయడం మన పని, మడతను కత్తిరించడం మన పని కాదు. చూడడానికి శుభ్రంగా ఉంటుందని కస్టమర్ అడిగినా కత్తిరించకూడదు, పైగా కోసిన చర్మం మానేటప్పుడు మరింత గరుకుగా, మందంగా తయారవుతుంది.

చేయి పట్టుకోగానే పని మొదలుపెట్టకుండా, పాత రంగు తీసి, మంచి వెలుతురులో పది వేళ్లనూ పరిశీలించడం నేర్చుకోవాలి. పెళ్లిళ్ల సీజన్‌లో తొందరపడి వదిలేసేది సరిగ్గా ఈ రెండు నిమిషాలనే. గోరు చుట్టూ ఎర్రగా వాచి, తాకితే నొప్పి పుట్టి, చీము కనిపిస్తే అది గోరుచుట్టు. ఆ చేతికి మానిక్యూర్ చేయడం సామెత చెప్పినట్లు గోరుచుట్టు మీద రోకటిపోటే. రోజంతా నీళ్లలో చేతులు నానే వంటపనివాళ్లలో, ఇళ్లలో అంట్లు తోమేవాళ్లలో నొప్పి అంతగా లేకుండా, క్యూటికల్ కనిపించకుండా పోయి, మడత ఉబ్బి ఉండే దీర్ఘకాలిక గోరుచుట్టు కూడా ఉంటుంది, దాన్ని గుర్తించడం కొంచెం కష్టం. గోరు పసుపుపచ్చగా మందమై, కొస పొడిపొడిగా రాలుతుంటే పిప్పిగోరు కావచ్చు. దానికి సాధారణ కారణం ఫంగస్, అది పనిముట్ల ద్వారా మరొకరికి అంటుకుంటుంది. అతికించిన గోరు కింద ఆకుపచ్చ మరక కనిపిస్తే చాలామంది దాన్నీ ఫంగస్ అంటారు గానీ, అది లేచిన గోటి కింద తేమలో పెరిగే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పని. ఈ మూడింటిలో దేనికీ రంగు వేసి కప్పకూడదు. జబ్బుకు పేరు పెట్టకుండా, చర్మవైద్యుడికి చూపించమని మర్యాదగా చెప్పి పంపాలి.

కొన్ని గుర్తులు అంటుకునేవి కాకపోయినా ఒంట్లో సంగతి చెబుతాయి. గోరు మధ్యలో చెంచాలా గుంటపడితే ఇనుము లోపం ఉండే అవకాశం ఉంది. పది వేళ్లకూ అడ్డంగా ఒకే వరుసలో గాడి కనిపిస్తే, కొంతకాలం కింద డెంగీ, టైఫాయిడ్ వంటి తీవ్రమైన జ్వరం వచ్చినప్పుడు మ్యాట్రిక్స్ పని కాస్త ఆగి ఉండవచ్చు. గాడి మడతకు 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, పెరుగుదల లెక్కన ఆ జ్వరం రెండు నెలల కిందటో, ఇంకొంచెం ముందో వచ్చి ఉంటుంది. తెల్ల మచ్చలు, కొంగలు ఎగురుతుంటే పిల్లలు చేతులు చాపి అడిగేవి, చాలావరకు మ్యాట్రిక్స్‌కు తగిలిన చిన్న చిన్న దెబ్బల గుర్తులే. కాల్షియం తక్కువైందని చెప్పి కస్టమర్‌ను కంగారుపెట్టనక్కరలేదు. మన చర్మపు రంగువాళ్లలో పలు వేళ్లకు నిలువుగా గోధుమరంగు గీతలుండటం మామూలే. అయితే ఒకే వేలికి కొత్తగా గీత వచ్చి, వెడల్పవుతూ, ఆ నలుపు గోటి మొదటి చర్మంలోకి కూడా పాకితే, అది అరుదైన చర్మ క్యాన్సర్ కావచ్చు కాబట్టి ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి పంపాలి. మధుమేహం ఉందా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా అని అడగడం కూడా ఈ పరిశీలనలో భాగమే.

పనిముట్ల శుభ్రత గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి: సెలూన్లలో కనిపించే నీలిరంగు లైటు పెట్టె శుభ్రమైన పనిముట్లను దాచడానికే పనికివస్తుంది, మురికి పనిముట్టును శుభ్రం చేయదు. పుషర్ (మృతచర్మాన్ని నెట్టేది), నిప్పర్ (కత్తిరించేది) వంటి లోహపు వస్తువులను ముందు సబ్బుతో బ్రష్ చేసి కడిగి, తర్వాత క్రిమిసంహారక ద్రావణంలో సీసా మీద రాసినంతసేపు పూర్తిగా ముంచి ఉంచాలి. ఒత్తిడితో కూడిన వేడి ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ ఉంటే మరీ మంచిది. చెక్క పుల్ల, దూది, కాగితపు ఫైల్ ఒకరికి వాడాక పారేయాలి.

ఇక పని. ఇద్దరి చేతులూ సబ్బుతో కడిగాక, గోళ్లను నానబెట్టకముందే, పొడిగా ఉన్నప్పుడే ఆకారం ఇవ్వాలి, ఎందుకంటే నీళ్లు పీల్చిన గోరు ఉబ్బి మెత్తబడి, ఫైల్ కింద పొరలుగా లేస్తుంది. సహజమైన గోరుకు 180 నుంచి 240 గ్రిట్ ఫైల్ సరిపోతుంది, అంకె తగ్గేకొద్దీ గరుకు పెరుగుతుంది. రంపం కోసినట్లు ముందుకూ వెనక్కూ రుద్దకుండా, పక్క నుంచి మధ్యకు ఒకే దిశలో తేలికగా లాగాలి, మూలలను మరీ లోతుగా అరగదీయకూడదు. తర్వాత గోరువెచ్చని నీళ్లలో మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి, తుడిచి, క్యూటికల్ రిమూవర్ రాయాలి. ఇది క్షారగుణం ఉన్న ద్రవం కాబట్టి సీసా మీద రాసిన సమయం దాటనివ్వకూడదు. దూది చుట్టిన చెక్క పుల్లను పలకకు 45 డిగ్రీల కోణంలో వాల్చి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ మృతచర్మాన్ని నెట్టాలి. లేచి వేలాడే తోలు ముక్క ఉంటే నిప్పర్‌తో కత్తిరించవచ్చు గానీ లాగకూడదు. రిమూవర్‌ను పూర్తిగా కడిగేయాలి. పలక మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే, కాబట్టి మెరుపు కోసం ప్రతిసారీ గోటిని అరగదీసే బఫర్ వాడటం మంచిది కాదు.

మోచేతి వరకు క్రీముతో మర్దన అయ్యాక, పలక మీద ఒక్క చుక్క జిడ్డు మిగిలినా రంగు లేచిపోతుంది, అందుకే పాలిష్ రిమూవర్‌లో తడిపిన దూదితో గోటిని మాత్రం తుడవాలి. రంగు రెండు మూడు రోజులకే పెచ్చులూడుతోందని కస్టమర్లు తరచుగా పాలిష్ కంపెనీని తిడతారు గానీ, జిడ్డు కాకపోతే చాలాసార్లు కారణం తడే; ఉబ్బిన గోరు ఆరి కుదించుకునేసరికి పైన ఉన్న రంగు పట్టు వదిలేస్తుంది. రంగు వేయబోయే చేతికి నానబెట్టడం మానేసి క్యూటికల్ రిమూవర్‌తోనే పని నడిపించడం మేలని నా అభిప్రాయం. పల్చని బేస్ కోట్, రెండు పల్చని రంగు కోట్లు, టాప్ కోట్: ప్రతిదాన్నీ ముందు మధ్యలో, తర్వాత రెండు పక్కలా లాగి, చివరికి గోటి కొసకు కూడా తాకించాలి. మడతకూ రంగుకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. దీపం వెలుగులో గట్టిపడే జెల్ పాలిష్ అయితే ఈ ఖాళీ అందం కోసం కాదు: ఆరని జెల్ చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ రావచ్చు, ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం వదలదు, అది కస్టమర్‌కే కాదు, చేసే మనకూ వస్తుంది.

పైపైన ఆరినట్లు కనిపించినా లోపలి పొర గట్టిపడటానికి సమయం పడుతుంది కాబట్టి కనీసం గంట సేపు వేడినీళ్ల జోలికి పోవద్దని, రాత్రిళ్లు గోటి మొదట్లో ఒక చుక్క కొబ్బరినూనె రాసుకోమని, అంట్లు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకోమని చెప్పి పంపించాలి.