మృగశిరకు ముందు తుపాకీ: ఏ గీత వదిలేయాలి, ఏ సొట్ట వదలకూడదు

రోహిణి ఎండలు తగ్గుతున్నాయంటే లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లలో, గార్డులు ఉండే బ్యాంకుల్లో ఒక హడావుడి మొదలవుతుంది. బీరువాలోంచి తుపాకీ తీసి, ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, ‘నలుపంతా పోయిందే, ఒకసారి పాలిష్ పట్టిస్తే పోలా’ అంటారు. మాజీ సైనికులకైతే ఈ దురద ఇంకాస్త ఎక్కువ. ఇత్తడి బొత్తాం కూడా మెరవాలని నేర్పిన ఉద్యోగం మరి.

పాలిష్ పట్టించకండి. నలుపు పోయిన చోట తుపాకీకి వచ్చే ముప్పు చాలా తక్కువ. వానాకాలం దాన్ని తినేది ఎవరూ చూడని చోట: ముందు చెక్క (గొట్టాల కింద ఎడమ చెయ్యి పట్టే చెక్క) కింద, రెండు గొట్టాల మధ్య పట్టీ అంచుల్లో, బట్ ప్లేటు (భుజానికి ఆనే వెనుక చెక్క, అంటే బట్, చివరి పలక) స్క్రూల చుట్టూ.

రోజూ డ్యూటీలో తిరిగే ట్వెల్వ్ బోర్ (గొట్టం లోపలి కొలత పేరు), రెండు గొట్టాల డబుల్ బ్యారెల్‌ను దగ్గరగా చూడండి. ఎడమ చెయ్యి పట్టే చోట, తెరిచే మీట చుట్టూ, బెల్టు బకిల్ రాసుకునే పక్కన పూత అరిగి ఇనుము తెల్లగా తేలి ఉంటుంది. మూతి అంచున సిమెంటు గోడకు ఆనించిన గీతలు, బట్ మీద ఇనుప గేటు తగిలిన చిన్న గుంటలు. ఇవి వాడకం గుర్తులు, అంతే. పైగా అరిగి మెరిసే ఆ చోట్లలో తుప్పు కనిపించడం అరుదు, గుడ్డ రోజూ అక్కడే పడుతుంది కనుక. పదేళ్లు గేటు దగ్గర పనిచేసిన తుపాకీ కొత్త పెళ్లికూతురిలా ఉంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

నల్లపూత పెయింటు లాంటిది కాదు. ఇనుము పై పొరనే రసాయనాలతో నల్లని ఆక్సైడుగా మారుస్తారు. చాలా పల్చని పొర. తుప్పును అది ఒంటరిగా ఆపలేదు, నూనె పట్టి ఉంచి కాస్త సాయం చేస్తుంది. అందుకే పూత పోయినా నూనె తడి ఉంటే సరిపోతుంది. పూత చెక్కుచెదరకుండా ఉండి నూనె లేకపోతే మాత్రం, విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఎర్రమచ్చ రావడానికి ఎన్నో రోజులు పట్టదు.

ఇక పాలిష్ వల్ల వచ్చే చిక్కులు. బఫింగ్ చక్రం మీద పెడితే గీతతో పాటు నంబరూ పల్చబడుతుంది. ఆయుధాల చట్టం, 1959లోని 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తు చెరిపేయడం, మార్చడం నేరం. ‘పాలిష్‌లో పోయింది సార్’ అని రెన్యువల్ కౌంటర్ దగ్గర చెప్పుకోవడం ఎంత టెన్షనో ఊహించుకోండి. రెండోది, డబుల్ బ్యారెల్‌లో రెండు గొట్టాలనూ మధ్య పట్టీనీ చాలావరకు మెత్తని టంకంతో అతికిస్తారు. ఘాటైన క్షార ద్రావణంలో మరిగించి వేసే పూత ఆ టంకాన్ని తినేస్తుంది. పైకి నిగనిగలాడుతుంది, లోపల పట్టీ వదులవుతుంది. మూడోది, లైసెన్సు లేని మెకానిక్ చేత తుపాకీ రిపేరు చేయించడమే చట్టవిరుద్ధం. సైకిల్ షాపు, లేత్ షాపు దీనికి పనికిరావు.

తాతల నాటి ఇంగ్లీషు తుపాకీ ఉన్నవాళ్లకు ఇంకో మాట. గొట్టం మీద మెలికలు తిరిగిన చారలు కనిపిస్తే అది మరకేమో అని రుద్దకండి. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన పాత డమాస్కస్ గొట్టం కావచ్చు. అవి ఎక్కువగా పొగ కక్కే పాతకాలపు నల్ల తుపాకీమందు రోజులవి. ఆర్మరర్, అంటే లైసెన్సున్న తుపాకీ మెకానిక్, చూసి సరే అనేదాకా ఇప్పటి తూటా అందులో పెట్టవద్దు.

మరి వదలకూడనివి ఏవి? చూసే ముందు మూతిని మనుషుల వైపు కాకుండా పెట్టి, తెరిచి, రెండు గొట్టాల్లో తూటా పెట్టే చోట్లు ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలు వేరే గదిలో పెట్టండి. ‘ఖాళీయేలే’ అన్న మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ముందు చెక్క తీసి, గొట్టాలు విడదీసి, కిటికీ వెలుతురు వైపు పెట్టి లోపలికి చూడండి. బాగున్న గొట్టంలో వెలుగు గుండ్రని వలయాలుగా, సాఫీగా కనిపిస్తుంది. వలయం ఒక పక్క విరిగినట్టు, చంద్రవంకలా నీడ పడితే అది లోపలికి దిగిన సొట్ట. గోడకు ఆనించిన తుపాకీ జారి పడినప్పుడు మూతి వైపు ఇలా అవుతుంది, అక్కడ గొట్టం పల్చన కదా. చుట్టూ నల్లని ఉంగరంలా నీడ ఉంటే గొట్టం ఉబ్బిందని అర్థం, అది ఇంకా ప్రమాదం. బయట గోరు తగిలేంత కూడా ఉండకపోవచ్చు. అయినా సరే, ఈ రెండింట్లో ఏది కనిపించినా ఆ తుపాకీ ఇక పేల్చకూడదు.

తర్వాత ముందు చెక్క లేకుండానే గొట్టాలు బిగించి, మూసి, మెల్లగా అటూ ఇటూ కదపండి. టకటకమంటే కీలు అరిగింది. బట్ సన్నబడే మెడ దగ్గర వెంట్రుకంత బీట ఉన్నా ఆర్మరర్‌కు చూపించాల్సిందే. సేఫ్టీ దానంతట అదే జారినా, ట్రిగ్గర్ మరీ తేలికైనా అంతే.

చెక్క మీది గుంటల సంగతి మీ ఇష్టం. నార తెగకుండా నొక్కుకుపోయిన గుంటైతే తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె తాకిస్తే ఆవిరికి చాలావరకు పైకి లేస్తుంది. చెక్క విప్పి చేయాల్సిన పని ఇది, వార్నిష్ కూడా తెల్లబారుతుంది. నన్నడిగితే వదిలేయమంటాను.

వానలు మొదలయ్యాక పెద్ద పనేమీ లేదు, రోజూ చేయాలి అంతే. తడిసి వస్తే ముందు పొడిగుడ్డ, తర్వాత గొట్టంలో పొడి ప్యాచ్ (చిన్న గుడ్డ ముక్క), తర్వాత పల్చగా తుపాకీ నూనె. కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డకడుతుంది, నాళ్లు గడిస్తే జిగురవుతుంది. నూనె ఎక్కువైనా తంటానే, కారి చెక్కలోకి ఇంకి మెడ దగ్గర మెత్తబరుస్తుంది. ఆ భయముంటే ఖాళీ తుపాకీని మూతి కిందికి పెట్టి నిలబెట్టండి. తోలు సంచిలో, కాన్వాస్ సంచిలో నెలల తరబడి ఉంచవద్దు, అవి చెమ్మను పట్టి ఉంచుతాయి. తాళం వేసిన బీరువాలో, పక్కన సిలికా జెల్ సంచులతో ఉంటే మేలు.

తూటాలకు ఇంత ఉదారత పనికిరాదు. తుపాకీ మీద గీత పడితే వదిలేయండి గానీ ఉబ్బిన, ఇత్తడికి ఆకుపచ్చ చిలుము పట్టిన, నోరు విచ్చుకున్న తూటాను మాత్రం గొట్టంలో పెట్టకండి. చెత్తలో పారేయకుండా, లైసెన్సు ఉన్న డీలర్‌నో, స్టేషన్‌లోనో అడిగి అప్పగించండి.

ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సి వస్తే, ఇచ్చే ముందే నంబరు, మూతి, బట్ కనిపించేలా నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోండి. అక్కడ అన్నీ ఒకే మూల నిలబెడతారు, ఒకదానికొకటి రాసుకుంటాయి. తెచ్చుకున్నాక కొత్త గీతలు లెక్కపెట్టుకుని బాధపడే బదులు, అదే రోజు ముందు చెక్క విప్పి కింద చూడండి. తుప్పు ఉంటే అక్కడే ఉంటుంది.