16 టీబీ అర్రే 2 టీబీ దగ్గరే ఆగిపోతే: నా అనుభవం

కొత్త సర్వర్‌లో 4 టీబీ డిస్కులు ఆరు పెట్టి రెయిడ్ 6 అర్రే (డిస్కులన్నీ కలిపి ఒకే పెద్ద డిస్కులా వాడే ఏర్పాటు) కట్టాను, రెండు డిస్కుల జాగా పారిటీకి (డిస్కు పాడైతే డేటా తిరిగి తెచ్చే సమాచారానికి) పోయినా 16 టీబీ మిగలాలి. విండోస్ సర్వర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే మాత్రం 2048 జీబీ ఒక ముక్క, మిగతాదంతా అన్‌అలొకేటెడ్. డిస్కులను కలిపి నడిపే కంట్రోలర్ కార్డు పాడైందేమోనని టెన్షన్ పడి అర్రే చెరిపి మళ్లీ కట్టాను, ఒక పూట వృథా.

ఆ 2048 అంకె దగ్గరే ఆగి ఆలోచించాల్సింది. డిస్కును పార్టిషన్లుగా విభజించే పాత పద్ధతి ఎంబీఆర్‌లో సెక్టార్ (డిస్కులో చిన్న గడి) నంబరుకు 32 బిట్లే, సెక్టారుకు 512 బైట్లు, లెక్క సరిగ్గా అక్కడికే వస్తుంది. అది దాటాలంటే జీపీటీ అనే కొత్త పద్ధతి కావాలి, జీపీటీ డిస్కు నుంచి విండోస్ బూట్ అవ్వాలంటే యూఈఎఫ్ఐ (సర్వర్‌ను స్టార్ట్ చేసే కొత్త రకం ఫర్మ్‌వేర్) ఉండాలి. నా సర్వర్ పాత బయోస్ పద్ధతి, అంటే లెగసీ మోడ్‌లో ఉంది.

సర్వర్ ఫర్మ్‌వేర్ సెటప్‌లోకి వెళ్లి మోడ్ యూఈఎఫ్ఐకి మార్చాను. బూట్ మెనూలో విండోస్ ఇన్‌స్టాల్ చేసే ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, పేరు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదే ఎంచుకోవాలి, ఇది చాలామంది చూసుకోరు. తర్వాత విండోస్ ఇన్‌స్టాలర్‌లో షిఫ్ట్ ఎఫ్10 నొక్కి కమాండ్ విండో తెరిచి, డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో డిస్కు సెలెక్ట్ చేసి క్లీన్, ఆపైన కన్వర్ట్ జీపీటీ. క్లీన్ కొడితే పార్టిషన్లన్నీ పోతాయి, డేటా ఉంటే ముందే బ్యాకప్ తీయండి. ఈసారి మొత్తం జాగా ఒకే ముక్కగా కనిపించింది.