రోలర్లు పెట్టించాం కదా అని నైఫ్ తీసేయకండి

పోయిన వారం కొండాపూర్ వైపు ఒక ఫ్లాట్‌లో ఇంటీరియర్ పని చేస్తున్న కుర్రాడికి కడుపులో దెబ్బ తగిలింది. టేబుల్ సా (బల్ల మధ్యలోంచి బ్లేడ్ పైకి వచ్చే కరెంటు రంపం) మీద కోస్తున్న టేకు రీపరు వెనక్కి ఎగిరొచ్చి నేరుగా పొట్టలో గుద్దుకుంది. చర్మం కూడా చిట్లలేదు. "ఏం కాలేదన్నా" అని కాసిని నీళ్లు తాగి కూర్చున్నాడట. సాయంత్రానికి కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. లోపల రక్తస్రావం. ప్రాణం దక్కింది, అంతే.

మరుసటి రోజు మిషన్ చూడమని మేస్త్రీ నన్ను పిలిచాడు. ఫెన్స్ (చెక్కని ఆనించి తోసే పక్క పట్టీ) మీద చెక్కని అదిమే రోలర్ గైడ్లు ఉన్నాయి, కొత్తవి, స్టిక్కర్ కూడా ఊడలేదు. బ్లేడ్ వెనకాల నిలబడాల్సిన ఉక్కు రేకు, రివింగ్ నైఫ్, మాత్రం గోడ మేకుకి వేలాడుతోంది. ఎందుకు తీశావయ్యా అంటే, "రోలర్లు పెట్టించాం కదన్నా, ఇంక అదెందుకు? చేతికి అడ్డం" అన్నాడు.

ఈ మాట ఇతనొక్కడిదే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. మిషన్లు రిపేరు చేయడానికి వెళ్లిన చోటల్లా వింటున్నాను. రోలర్లకి వేల రూపాయలు పోసి, మిషన్‌తో పాటు ఉచితంగా వచ్చిన నైఫ్‌ని మూలన పడేస్తున్నారు. ఇప్పుడు శ్రావణం ముహూర్తాలు వస్తున్నాయి. గృహప్రవేశం తేదీ పెట్టేసుకున్న వాళ్లు మేస్త్రీ నెత్తిన కూర్చుంటారు, పని రాత్రి పదింటి దాకా సాగుతుంది, డిపో నుంచి వచ్చే చెక్క చెమ్మగా ఉంటుంది. వీటన్నిటికీ నైఫ్ లేని మిషన్ తోడైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కళ్లద్దాలు, మాస్కు, చెవులకి మఫ్‌లు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

రోలర్ పని ఏది, నైఫ్ పని ఏది

పది అంగుళాల బ్లేడ్ నిమిషానికి 4000 చుట్లు తిరుగుతుంటే దాని పళ్లు గంటకి దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. ముందువైపు పళ్లు కిందికి దిగుతూ చెక్కని బల్లకేసి నొక్కుతాయి. ఆ వైపుతో పెద్ద పేచీ లేదు. వెనకవైపు పళ్లు పైకి లేస్తాయి. చెక్క వాటికి తగిలితే అవి దాన్ని ఎత్తి, బ్లేడ్ మీదుగా మీ వైపు విసిరేస్తాయి. కిక్‌బ్యాక్ అంటే ఇదే.

చెక్క వెనక పళ్లకి తగలడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, తోసేటప్పుడు చెక్క ఫెన్స్ వదిలి పక్కకి జరగడం, లేదా బల్ల మీంచి లేవడం. రెండు, కోసిన సందు వెనకాల మూసుకుపోయి బ్లేడ్‌ని పట్టేయడం.

రోలర్ గైడ్లు ఆపేది మొదటిదాన్ని. ఫెన్స్ మీద బ్లేడ్‌కి ముందొకటి, వెనకొకటి ఉంటాయి. స్ప్రింగు బలంతో చెక్కని బల్లకి అదిమి పెడతాయి. చక్రాలు తిన్నగా కాకుండా 5 డిగ్రీల వరకు వాలుగా ఉంటాయి కాబట్టి చెక్క ముందుకి పోతున్నకొద్దీ ఫెన్స్ వైపు లాగుతుంటాయి. చక్రం ఒకవైపే తిరుగుతుంది, చెక్క వెనక్కి రాబోతే బిగుసుకుంటుంది. కెనడా కంపెనీ జెస్ఎమ్ చేసే రకం దీనికి బాగా పేరుపడింది. అదే పద్ధతిలో చేసిన చవక రకాలు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మంచి పరికరమే, పెట్టించుకోండి. ముఖ్యంగా ఒక్కడే నిలబడి పొడుగు ప్లైవుడ్ కోసేటప్పుడు చేతులు బ్లేడ్‌కి దూరంగా ఉంటాయి.

కానీ రెండో కారణాన్ని రోలర్ ఆపలేదు. రోలర్ పట్టుకునేది ఫెన్స్‌కీ బ్లేడ్‌కీ మధ్యనున్న ముక్కనే. అవతలి ముక్కకి ఏ పట్టూ లేదు. చెక్క కోస్తుంటే అవతలి సగం లోపలికి వంగి బ్లేడ్ మీద వాలిందనుకోండి, ఆ రబ్బరు చక్రం ఏం చేస్తుంది? బ్లేడ్ గట్టిగా పట్టి విసిరితే రంపపు పొట్టు పేరుకున్న రబ్బరు జారిపోతుంది. సందు మూసుకోకుండా చూసేది బ్లేడ్ వెనకాల నిలబడే ఆ ఉక్కు రేకొక్కటే. హెల్మెట్ కొన్నాం కదా అని బండికి బ్రేకులు పీకేస్తామా? నైఫ్ తియ్యకండి.

వానాకాలంలో ఇది ఇంకా ముఖ్యం. పైన ఆరి లోపల పచ్చిగా ఉన్న చెక్కలో బిగువు దాగి ఉంటుంది. నిలువునా చీల్చేసరికి ఆ బిగువు విడిపోతుంది. కొన్ని ముక్కలు విచ్చుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. ఏది ఏం చేస్తుందో కోయకముందు ఏ మేస్త్రీ చెప్పలేడు. ప్లైవుడ్‌లో ఈ గొడవ తక్కువే, కానీ టేకు, సాల్, వేప చీల్చేటప్పుడు నైఫ్ లేకుండా స్విచ్ మీద చెయ్యి వేయకండి.

నైఫ్ ఉంటే చాలదు, సరిగ్గా ఉండాలి

నైఫ్ మందం బ్లేడ్ రేకు కంటే కాస్త ఎక్కువ, పళ్లు కోసే సందు కంటే కాస్త తక్కువ ఉండాలి. ఉదాహరణకి రేకు 2.2 మిల్లీమీటర్లు, కోత 3 మిల్లీమీటర్లు అయితే నైఫ్ 2.5 ఉంటే సరిపోతుంది. సన్న కోత బ్లేడ్ కొన్నప్పుడు చిక్కు ఇక్కడే వస్తుంది. పాత నైఫ్ ఆ సందులో పట్టదు, చెక్క మధ్యలో ఆగిపోతుంది. మేస్త్రీకి విసుగొచ్చి నైఫ్ పీకేస్తాడు. పీకాల్సింది బ్లేడ్‌ని. మీ నైఫ్ మీద అంకెలు చెక్కి ఉంటాయి, బ్లేడ్ కొనడానికి వెళ్లేముందు ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్లండి.

పళ్లకీ నైఫ్‌కీ మధ్య ఎడం 3 నుంచి 8 మిల్లీమీటర్లు. నైఫ్ కొస బ్లేడ్ కొస కంటే ఒకింత కిందికి ఉండాలి. అలా ఉంటే గాడి కొట్టేటప్పుడు కూడా దాన్ని తీయక్కర్లేదు. తీయాల్సింది వెడల్పు గాడి కొట్టే డాడో బ్లేడ్లు వేసినప్పుడే. ఆ పని అయిపోగానే మళ్లీ పెట్టండి. "రేపు పెడదాం" అన్న నైఫ్‌లే ఇవాళ గోడల మీద వేలాడుతున్నాయి.

ఫెన్స్ వంకరుంటే రోలర్ శత్రువే

ఇది చాలామందికి తట్టదు. రోలర్ చెక్కని ఫెన్స్‌కి అంటించి నడిపిస్తుంది. ఆ ఫెన్సే వెనకవైపు బ్లేడ్ మీదికి వాలి ఉంటే? చేత్తో తోసేటప్పుడు చెక్క కాస్త పక్కకి తప్పుకునేది. ఇప్పుడు రోలర్ తప్పుకోనివ్వదు, తిన్నగా తీసుకెళ్లి వెనక పళ్లకి అప్పగిస్తుంది.

ప్లగ్ పీకండి. బ్లేడ్ మీద ఒక పన్నుకి మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఆ పన్ను ముందువైపు ఉన్నప్పుడు ఫెన్స్‌కి ఎంత దూరమో కొలవండి. బ్లేడ్‌ని చేత్తో తిప్పి అదే పన్నుని వెనక్కి తెచ్చి మళ్లీ కొలవండి. వేరే పన్నుతో కొలిస్తే లెక్క తప్పుతుంది. వెనక కొలత ముందు కొలతకి సమానంగా ఉండాలి, లేదా వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి. తక్కువ ఉండకూడదు. సైట్ మార్చి ఆటోలో వేసుకొచ్చిన మిషన్‌కి ఈ కొలత ప్రతిసారీ చూడాలి.

ఇంకొకటి. తక్కువ ధర మిషన్లలో ఫెన్స్ ముందువైపే బిగుస్తుంది, వెనక కొస వదులుగా ఉంటుంది. రోలర్ చెక్కని కిందికి నొక్కుతుంటే అదే బలంతో ఫెన్స్ పైకి లేస్తుంది. రోలర్ కింద చెక్క పెట్టి, ఫెన్స్ వెనక కొస కింద కాగితం దూర్చి చూడండి. దూరిందంటే వెనక కూడా క్లాంపు వేయాలి. లేకపోతే సన్‌మైకా లాంటి పల్చని షీటు ఫెన్స్ కిందికి జారిపోయి ఇరుక్కుంటుంది.

మిగతావి

- రోలర్ ఎటు తిరుగుతుందో బిగించకముందే చేత్తో తిప్పి చూడండి. ఎదురు దిశలో తిరిగేవి కూడా ఉంటాయి.
- వెనక రోలర్ బ్లేడ్‌కీ ఫెన్స్‌కీ మధ్యనున్న ముక్క మీదే నడవాలి. తెగి పడే ముక్కని ఏ రోలర్‌తోనూ, ఏ ఫెదర్‌బోర్డుతోనూ (చెక్కని అదిమిపట్టే పళ్ల పలక) బ్లేడ్ కేసి నొక్కొద్దు.
- స్ప్రింగు మరీ బిగించొద్దు. చెక్కని తోయడానికి ఒళ్లు వంచాల్సి వస్తోందంటే ఎక్కువైనట్టే. బలమంతా పెట్టి తోస్తున్న చెయ్యి జారితే ఎక్కడ పడుతుందో మీకు తెలుసు.
- చెక్క మధ్యలో బిగుసుకుంటే వెనక్కి లాగొద్దు. ఒకవైపే తిరిగే రోలర్ ఎలాగూ రానివ్వదు, మీరు గుంజుతుంటే చెక్క లేస్తుంది. స్విచ్ ఆపండి, బ్లేడ్ పూర్తిగా ఆగనివ్వండి, అప్పుడు రోలర్ ఎత్తి చెక్క తీయండి.
- రోలర్ వెడల్పు కంటే సన్నగా పట్టీ కోయాలంటే రోలర్ తీసేసి పుష్ బ్లాక్ (చెయ్యికి బదులు చెక్కని తోసే దిమ్మ) వాడండి. తీయాల్సింది రోలర్‌ని. నైఫ్‌ని కాదు.
- రబ్బరు చక్రాలని రోజూ తుడవండి. గట్టిపడి మెరుస్తున్న రబ్బరు పట్టదు, మార్చండి.
- ఎనిమిదడుగుల షీటు బరువుని రోలర్ మోయదు. వెనక స్టాండు వేయండి, లేదా మనిషిని పెట్టండి. ఆ మనిషి షీటుని కింద నుంచి మోయాలి, లాగకూడదు.
- అడ్డకోతకి ఫెన్స్, మైటర్ గేజ్ (బల్ల గాడిలో జరుపుతూ చెక్కని తోసే పరికరం) రెండూ ఒకేసారి వాడొద్దు. మధ్యలో తెగిన ముక్క ఇరుక్కుని తూటాలా వస్తుంది.
- బ్లేడ్‌కి ఎదురుగా నిలబడొద్దు. ఎడమకి జరగండి. ఆ కుర్రాడు ఎదురుగా నిలబడ్డాడు.
- పక్కన చూస్తున్న ఇంటి ఓనర్‌ని కూడా జరపండి, మొహమాటపడొద్దు.
- పాత ఇళ్లు కూల్చిన టేకు తెస్తే మేకులన్నీ చూడండి. విరిగి లోపల ఉండిపోయినవి కంటికి కనపడవు, అయస్కాంతం తిప్పండి.
- చేతికి గ్లౌజు వద్దు. రాఖీ, మణికట్టు దారం, స్టీలు కడియం వద్దు. రాఖీ తీస్తే చెల్లి ఏమనుకుంటుందో అంటారు. పని అయ్యాక కట్టుకోండి.
- లుంగీ వద్దు. మెళ్లో తువ్వాలు వద్దు. హవాయి చెప్పులు వద్దు.
- మార్బుల్ కట్టర్‌ని ప్లైవుడ్ కింద తలకిందులుగా బిగించి అదే టేబుల్ సా అనుకునేవాళ్లకి: దానికి రోలర్లు పెట్టినా దండగే. నైఫ్ లేదు, గార్డు లేదు, నొక్కగానే ఆగే స్విచ్ లేదు, నిమిషానికి తిరిగే చుట్లు మాత్రం రెండింతలకి పైనే. దాని మీద రీపర్లు చీల్చొద్దు.
- వానకి కరెంటు పోతే ముందు స్విచ్ ఆపండి, తర్వాత బయటికెళ్లి చాయ్ తాగండి. మామూలు స్విచ్ ఉన్న మిషన్ కరెంటు రాగానే దానంతట అదే తిరుగుతుంది, ఆ టైములో బ్లేడ్ దగ్గర ఎవరి చెయ్యి ఉంటుందో తెలీదు. కరెంటు పోతే ఆఫ్ అయి, మళ్లీ నొక్కితేనే స్టార్టయ్యే నో-వోల్ట్ స్విచ్ పెట్టించండి.
- కట్టే ఇంట్లో తాత్కాలిక లైను మీద నడిపేటప్పుడు కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎర్త్ లేకుండా తడి నేల మీద నిలబడొద్దు.
- రాత్రి తొమ్మిది దాటాక చీల్చే పని వద్దు. ఓనర్ తొందర ఓనర్‌ది.
- చెక్క పొట్టకో ఛాతీకో తగిలితే రక్తం కనపడకపోయినా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నీళ్లు తాగించి కూర్చోబెట్టొద్దు.
- వేలు తెగిపడితే గాయం మీద శుభ్రమైన గుడ్డ వేసి గట్టిగా అదిమి పట్టి, చెయ్యి పైకెత్తి ఉంచి, 108కి ఫోన్ చేయండి. తెగిన వేలిని తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐసు నీళ్లలో ఉంచండి. ఐసు వేలికి నేరుగా తగలొద్దు. ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి.
- నైఫ్ పోగొట్టుకున్న వాళ్లు, సెకండ్ హ్యాండ్ మిషన్ కొంటే నైఫ్ రాని వాళ్లు మోడల్ నంబరు పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడగండి, లేదా కంపెనీ సర్వీసు సెంటర్లో ఆర్డరు పెట్టండి. దొరికిన రేకు ముక్క కోసి వెల్డింగ్ కొట్టించొద్దు, అది వంగి బ్లేడ్‌కే తగులుతుంది. అసలుది వచ్చేదాకా చీల్చాల్సిన చెక్కని డిపోలోనే సైజుకి కోయించి తెచ్చుకోండి.