గేమ్ మధ్యలో ల్యాప్‌టాప్ ఠక్కున ఆగిపోతోందా? విప్పే ముందు టెంపరేచర్ చూడండి

ఫ్యాన్లు హోరెత్తిపోతూ, కీబోర్డు మీద వేలు ఆనించలేనంతగా కాలిపోతూ, ఏ హెచ్చరికా లేకుండా స్క్రీన్ నల్లబడిపోతే చాలామంది చేసే మొదటి పని విండోస్ ఫార్మాట్ కొట్టడం, రెండోది ఆన్‌లైన్‌లో కూలింగ్ ప్యాడ్ ఆర్డర్ పెట్టడం. రెండూ ఇప్పుడే వద్దు. అసలు వేడి వల్లే ఆగుతోందా లేదా అన్నది ముందు తేలాలి, ఎందుకంటే ఛార్జర్ సరిగ్గా లేని ల్యాప్‌టాప్ కూడా అచ్చం ఇలాగే ఆగిపోతుంది, దానికి ఎంత మంచి థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని పైనున్న లోహానికి చేరవేసే ముద్ద) పూసినా డబ్బు దండగే.

విండోస్‌లో జరిగినవన్నీ రాసి ఉంచే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని ఒక క్రిటికల్ ఎర్రర్ కనిపిస్తుంది. దాన్ని చూసి టెన్షన్ పడకండి. సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది అని మాత్రమే దానర్థం, కారణం ఏంటో అది చెప్పదు.

కారణం కావాలంటే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో (HWiNFO) అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. సెన్సర్స్ ఓన్లీ అని టిక్ పెట్టి తెరిచి, కింద ఉన్న లాగింగ్ బటన్ నొక్కి, ఫైల్ ఎక్కడ సేవ్ అవ్వాలో చూపించి, మామూలుగా ఆడే గేమ్ ఆడండి. ల్యాప్‌టాప్ ఆగిపోయిన క్షణంలో ఎన్ని డిగ్రీలు ఉన్నాయో మన కంటికి కనిపించదు కదా, ఈ ఫైల్ రెండేసి సెకన్లకోసారి అన్నీ రాసుకుంటూ పోతుంది కాబట్టి మళ్లీ ఆన్ చేశాక ఎక్సెల్‌లో తెరిచి చివరి వరుసలు చూస్తే చాలు, సంగతి అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఆ అంకెల్ని ఎలా చదవాలో చెప్తాను. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకి ఎక్కువ శాతం 100 డిగ్రీలు హద్దు, ఏఎండీ వాళ్ల రైజన్‌కి 95 నుంచి 105 మధ్య. ఆ హద్దు తాకగానే చిప్ ముందు తన స్పీడ్ తగ్గించుకుంటుంది, గేమ్ తడబడుతుంది, అప్పటికీ వేడి దిగకపోతేనే ఆగిపోతుంది. కాబట్టి గేమింగ్‌లో 85, 90 కనిపిస్తే గాబరా అక్కర్లేదు. గేమ్ మొదలైన నిమిషంలోపే 100కి అతుక్కుపోయి అక్కడే ఉంటే మాత్రం దుమ్మో, ఎండిపోయిన పేస్టో అనుకోండి. ప్రాసెసర్‌లోని ఒక కోర్ (పని పంచుకునే భాగం) 98లో ఉండి పక్క కోర్ 78లో ఉంటే పేస్ట్ సమంగా లేదని అనుమానించాలి. ఫ్యాన్ స్పీడ్ సున్నా చూపిస్తూ చెవి దగ్గర పెట్టినా శబ్దం లేకపోతే ఫ్యాన్ పోయినట్టే. ఇవేమీ కాకుండా అన్నీ 75, 80లో ప్రశాంతంగా ఉండి ఆగిపోయిందంటే చూపు ఛార్జర్ వైపు, బ్యాటరీ వైపు తిప్పండి. 180 వాట్ల ఛార్జర్‌తో వచ్చిన మెషీన్‌ని 65 వాట్ల టైప్ సి ఛార్జర్‌తో నడుపుతూ గేమ్ ఆడేవాళ్లు చాలామందే ఉన్నారు, అది సరిపోదు.

వేడే అని తేలితే పైసా ఖర్చు లేని పనులతో మొదలుపెడదాం. పరుపు మీద, ఒళ్లో పెట్టుకుని ఆడకండి, గాలి పీల్చుకునే రంధ్రాలు అడుగునే ఉంటాయి. బల్ల మీద పెట్టి వెనక వైపు రెండు మూలలకీ ఏదైనా ఎత్తు పెట్టండి. గేమ్‌లో ఫ్రేమ్ రేట్‌ని 60కో, మీ స్క్రీన్ ఎంత చూపించగలదో అంతకో కట్టేయండి, ఎందుకంటే కొన్ని గేముల్లో ఊరికే మెనూ తెరిచి ఉంచినా గ్రాఫిక్స్ కార్డు వందల ఫ్రేములు గీస్తూ పూర్తి బలంతో పనిచేస్తుంటుంది. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం చేయండి. ఈ ఒక్క శాతంతో చాలా మెషీన్లలో టర్బో బూస్ట్, అంటే ప్రాసెసర్ మామూలు కంటే ఎక్కువ స్పీడ్‌కి ఎగబాకడం, ఆగిపోతుంది, వేడి గట్టిగా తగ్గుతుంది, గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడే గేముల్లో తేడా పెద్దగా తెలియదు కూడా.

మన ఎండాకాలం సంగతి కూడా చూసుకోవాలి. చాలా ల్యాప్‌టాప్‌లకి కంపెనీలు చెప్పే గది వేడి పరిమితి 35 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 40 దాటుతుంది, జనవరిలో 88 చూపించిన ప్రాసెసర్ అప్పుడు హద్దు తాకడంలో వింతేమీ లేదు. సీలింగ్ ఫ్యాన్ గాలిని తిప్పుతుందే కానీ చల్లబరచదు. నీళ్ల కూలర్‌ని ల్యాప్‌టాప్ మీదకి తిప్పి పెట్టకండి, ఆ తేమ లోపలికి పోతుంది.

ఇంత చేసినా ఆగుతుంటే విప్పాలి. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. లేకపోతే మీరే చేసుకోవచ్చు, నిదానంగా చేస్తే కష్టమైన పనేం కాదు. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, అడుగు మూత స్క్రూలు విప్పండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు, ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి అక్కడే టేపుతో అతికించండి. మూత ఊడి రావడానికి పాత ఏటీఎం కార్డు చాలు. తెరిచిన వెంటనే బ్యాటరీ కనెక్టర్ పీకేయాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. బ్యాటరీ ఉబ్బి ఉంటే, లేదా టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు ముందే గమనించి ఉంటే, అక్కడితో ఆపేయండి. ఆ మెషీన్‌ని ఛార్జ్ కూడా చేయకూడదు, బ్యాటరీ మార్చాకే మిగతా మాట.

అసలు దుమ్ము ఎక్కడ ఉంటుందో చాలామందికి తెలియదు. బయటి జాలీ శుభ్రంగానే కనిపిస్తుంది. ఫ్యాన్‌కీ, సన్నటి లోహపు రెక్కల వరుసకీ మధ్యలో, అంటే లోపలి వైపు, బూడిద రంగు దుమ్ము పొర పాత కంబళి ముక్కలా గట్టిగా పేరుకుని ఉంటుంది, పట్టకారుతో అంచు పట్టి లాగితే ఒక్క పొరగా ఊడి వస్తుంది. బయటి నుంచి గాలి కొడితే అది ఫ్యాన్‌లోకి పడుతుంది తప్ప బయటికి రాదు. అందుకే ఫ్యాన్ మూత తీసి శుభ్రం చేయమంటున్నాను. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కలు కదలకుండా వేలితో పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. పంక్చర్ షాపు గాలి వద్దు, అందులో నీటి తుంపర ఉంటుంది.

దుమ్ము తీసి, బిగించి, గేమ్ ఆడి ఒకసారి లాగ్ (ఆ అంకెల ఫైల్) చూడండి. చాలా వరకు ఇక్కడితో సమస్య తీరుతుంది. తీరకపోతే పేస్ట్. చిప్ మీద ఆని వేడిని లాగేసే లోహపు భాగమైన హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి, విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి, బిగించేటప్పుడు చిన్న అంకె నుంచి, కొంచెం కొంచెంగా. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, చేతుల శానిటైజర్ వద్దు, దానిలో గ్లిజరిన్ లాంటివి ఉంటాయి. ల్యాప్‌టాప్ చిప్ మీద మూత ఉండదు కాబట్టి కొత్త పేస్ట్ చిప్ మొత్తం కప్పేలా పల్చగా పరచాలి. పక్కనున్న మెమరీ చిప్‌ల మీది మెత్తటి ప్యాడ్లు చిరిగితే అంతే మందం ఉన్నవే వేయండి, మందం ఎక్కువైతే హీట్‌సింక్ అసలు చిప్‌కి ఆనదు. హీట్‌సింక్ ఎత్తగానే పేస్ట్ బదులు వెండి రంగులో మెరిసే ద్రవం కనిపిస్తే అది లిక్విడ్ మెటల్, బోర్డు మీద ఒక్క చుక్క పడినా షార్ట్ అవుతుంది, ముట్టుకోకుండా తెలిసినవాళ్ల దగ్గరకి తీసుకెళ్లండి. పేస్ట్‌కి బదులు వేడికి మెత్తబడి చిప్‌కి అతుక్కునే హనీవెల్ పీటీఎం 7950 షీట్ దొరికితే నేనైతే అదే వేస్తాను, మామూలు పేస్ట్‌లా కొన్నాళ్లకి పక్కలకి జారిపోదు.

అన్నీ బిగించాక అదే గేమ్, అదే సెట్టింగ్స్‌తో ఇంకోసారి లాగ్ తీసి పాత ఫైల్ పక్కన పెట్టి చూడండి. డిగ్రీలు తగ్గి కూడా ఇంకా ఆగుతుంటే, స్నేహితుల దగ్గర అంతే వాట్ల, అదే పిన్ ఉన్న ఒరిజినల్ ఛార్జర్ అడిగి తెచ్చి ఆడి చూడండి. అప్పటికీ ఆగితే మదర్‌బోర్డు పవర్ సెక్షన్ చూడమని రిపేర్ షాపులో చెప్పి, ఆ రెండు ఫైళ్లూ చూపించండి, లేదంటే వాళ్లు మళ్లీ పేస్ట్ దగ్గర నుంచే మొదలుపెడతారు.