గేమ్‌ను డి డ్రైవ్‌కి మార్చడం, 4వ భాగం: సేవ్ ఫైళ్ల సంగతి

పోయిన భాగం చూసి గేమ్ మార్చుకున్నవాళ్లలో చాలామంది ఒకటే రాశారు: "గేమ్ ఓపెన్ అవుతోంది గానీ కంటిన్యూ లేదు, న్యూ గేమ్ మాత్రమే చూపిస్తోంది." గుణుపురం తమ్ముడొకడు ఇన్నాళ్లు ఆడిందంతా పోయిందని తెగ బెంగపడ్డాడు. కాబట్టి పాత హార్డ్ డిస్క్ పాఠం వచ్చేసారికి, ఈసారి మొత్తం సేవ్ గురించే, అంటే మీరు ఎంతదాకా ఆడారో గేమ్ దాచుకునే ఫైళ్ల గురించి. టెన్షన్ పడకండి, మీరు డిలీట్ చేయకపోతే ఆ ఫైళ్లు కంప్యూటర్‌లోనే ఎక్కడో ఉన్నాయి. న్యూ గేమ్ మాత్రం నొక్కకండి, పాత స్లాట్ మీదే ఆటో సేవ్ రాసేసే గేములున్నాయి.

జరిగిందేమిటంటే, గేములు కొని దింపుకునే స్టీమ్ యాప్‌లో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, మూవ్ దాకా అందరూ సరిగ్గానే చేశారు. తర్వాత కొందరు పనిలో పనిగా డాక్యుమెంట్స్‌లో కనబడ్డ గేమ్ ఫోల్డర్‌ని కూడా కట్ చేసి డిలో పడేశారు. గేమ్ ఏ డ్రైవ్‌లో ఉన్నా స్టీమ్ గుర్తు పెట్టుకుంటుంది. సేవ్ ఎక్కడుండాలో మాత్రం గేమ్ తయారుచేసినవాళ్లు ముందే రాసిపెట్టేశారు, గేమ్ ప్రతిసారీ అక్కడే వెతుకుతుంది, దొరక్కపోతే మీరు కొత్తగా ఆడుతున్నారనుకుంటుంది. డిలో పడేసిన ఫోల్డర్‌ని కాపీ చేసి పాతచోట పెట్టండి, కంటిన్యూ వచ్చేస్తుంది.

పాతచోటు ఏదో గుర్తులేనివాళ్లకి: విచర్ 3, జీటీఏ ఫైవ్ సేవ్‌లు డాక్యుమెంట్స్‌లో ఉంటాయి. వన్‌డ్రైవ్ (ఫైళ్లని ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు) ఆన్‌లో ఉంటే ఆ డాక్యుమెంట్స్ ఫోల్డరే వన్‌డ్రైవ్ లోపలికి వెళ్లిపోయి ఉండొచ్చు, అక్కడా చూడండి. మైన్‌క్రాఫ్ట్ జావా, స్టార్‌డ్యూ వ్యాలీ, ఎల్డెన్ రింగ్ యాప్‌డేటాలోని రోమింగ్‌లో, హాలో నైట్ అందులోనే LocalLow అనే ఫోల్డర్‌లో. యాప్‌డేటా హిడెన్ ఫోల్డర్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఇంగ్లిష్ అక్షరాల్లో యాప్‌డేటా అని అటూ ఇటూ పర్సెంట్ గుర్తు పెట్టి ఎంటర్ కొట్టండి. నేరుగా రోమింగ్‌లోకి తీసుకెళ్తుంది, LocalLow కావాలంటే ఒక మెట్టు పైకి రావాలి.

ఇప్పుడు నాకు బాగా చిరాకు తెప్పించే విషయం. గేమ్ మొదలుపెట్టబోతే స్టీమ్ ఒక పెట్టె చూపిస్తుంది: ఈ కంప్యూటర్‌లోది ఒకటి, క్లౌడ్‌లోది (స్టీమ్ ఇంటర్నెట్‌లో దాచిన కాపీ) ఒకటి, రెంటికీ తేదీలు, ఏది ఉంచాలి? కొత్త తేదీ ఉన్నది ఎంచుకోమని అందరూ చెప్తారు. మామూలు రోజుల్లో అది మంచి సలహానే. కానీ మీరు సేవ్ ఫోల్డర్ కదిపాక ఒకసారి గేమ్ తెరిచి, న్యూ గేమ్ నొక్కి, ఓ నిమిషం చూసి మూసేశారనుకోండి, ఆ నిమిషం సేవ్‌కి ఇవాళ్టి తేదీ ఉంటుంది, నెలల కష్టానికి పోయిన వారం తేదీ ఉంటుంది. కొత్తది ఎంచుకుంటే ఖాళీ సేవ్ వెళ్లి అసలుదాని మీద కూర్చుంటుంది. జయపురం నుంచి రాసినాయనకి జరిగింది సరిగ్గా ఇదే. ఆ పెట్టె కనబడగానే ఏదీ ఎంచుకోకుండా మూసేయండి. సేవ్ ఫోల్డర్‌ని వేరేచోట కాపీ చేయండి. గేమ్ ప్రాపర్టీస్‌లో, జనరల్ కింద, స్టీమ్ క్లౌడ్ ఆపేయండి. క్లౌడ్‌లో ఏముందో చూడాలంటే స్టీమ్ వెబ్‌సైట్‌లో మీ అకౌంట్ కింద ఆ ఫైళ్ల లిస్టు ఉంటుంది, డౌన్‌లోడ్ కూడా అవుతాయి. అన్నీ చేతిలోకి వచ్చాకే ఏది అసలుదో తేల్చుకోండి. ఏ తేదీన ఎంతదాకా ఆడారో మీకు తెలుసు, స్టీమ్‌కి తెలీదు.

నేనైతే సేవ్‌ని అసలు కదపను. సి డ్రైవ్ నిండేది గేమ్ వల్ల, సేవ్‌లు చాలావాటికి కొన్ని ఎంబీలే. డిలో ఒక కాపీ పెట్టుకుంటాను, అంతే. లేదు, మార్చాల్సిందే అంటే డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్. అలా మారిస్తే విండోసే కొత్త అడ్రస్ చెప్తుంది, గేములు సాధారణంగా దొరకబుచ్చుకుంటాయి. యాప్‌డేటాని మాత్రం వేరే డ్రైవ్‌కి మార్చొద్దు.

ఇంకోటి, కట్ వద్దు, కాపీయే. పర్లాకిమిడి, రాయగడ వైపు గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. వంద జీబీ గేమ్ మధ్యలో పాడైతే రోజుకి 1.5 జీబీ డేటాతో మళ్లీ దింపడానికి రెండు నెలలు దాటుతుంది. పెన్‌డ్రైవ్‌కి పెద్ద ఫైలు ఎక్కట్లేదంటే అది ఫ్యాట్ 32 అనే పాత ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది, 4 జీబీ ఫైలు దానికి పట్టదు. అందులో ఉన్నవి వేరేచోట పెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయండి.

అభ్యాసం: మీ దగ్గరున్న మూడు గేముల సేవ్ ఫోల్డర్లు వెతికి, డిలోకి కాపీ చేయండి. వాటిలో ఒకదానికి క్లౌడ్ ఆపి, అసలు ఫోల్డర్ పేరు చివర పాత అని తగిలించి గేమ్ తెరవండి. న్యూ గేమ్ కనబడాలి. నొక్కకుండా బయటికి రండి. గేమ్ అక్కడ కొత్త ఫోల్డర్ ఏదైనా తయారుచేసి ఉంటే తీసేసి, పాత పేరు తిరిగి పెట్టి మళ్లీ తెరవండి. కంటిన్యూ రాకపోతే ఏ గేమో, సేవ్ ఏ ఫోల్డర్‌లో ఉందో రాసి పంపండి.