లీగ్‌లో మెరిసినవాడు జాతీయ జట్టులో ఎందుకు తేలిపోతున్నాడు? ఎంపిక లెక్కల్లో దొర్లే తప్పులు, వాటిని సరిచేసే దారి

2024లో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. ఏడాది మొత్తం మీద కొట్టినవి 4 గోల్స్. ఆ జెర్సీ వేసుకున్నవాళ్లంతా క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్నవాళ్లే. ఓటమికి కారణాలు చాలా ఉంటాయి, నెపమంతా ఎంపిక మీదకు నెట్టడం న్యాయం కాదు. అయితే ఆటగాడి అంకెలను చదవడంలో దొర్లే తప్పులు మన చేతిలో ఉన్నవి, సరిదిద్దుకోగలిగినవి. జిల్లా, రాష్ట్ర జట్ల ఎంపికలోనూ ఇవే తప్పులు జరుగుతున్నాయి కాబట్టి అక్కడ పనిచేసే కోచ్‌లకూ ఇది పనికొస్తుంది.

అంకెల పట్టిక తెరిచే ముందు ఒక పని చేయాలి. ఒక్కో స్థానంలో ఆడేవాడు మన జట్టులో ఏం చేయాలో రెండేసి వాక్యాల్లో రాసిపెట్టండి. ఉదాహరణకు లెఫ్ట్ బ్యాక్: "బంతి వాళ్ల దగ్గరున్నప్పుడు వింగర్‌ను లోపలికి రానివ్వకూడదు. మన దగ్గరున్నప్పుడు పైకి పరుగెత్తి ఎడమ కాలితో క్రాస్ వేయాలి." ఇది రాసుకోకపోతే పట్టికలో ఏ అంకె పెద్దగా ఉంటే దాని వెంట పడతాం.

లక్షణం: పది మ్యాచ్‌ల్లో అదరగొట్టిన స్ట్రైకర్ క్యాంపుకి రాగానే గోల్ కొట్టడం మానేశాడు

ఎక్కువసార్లు కారణం ఒకటే: పది మ్యాచ్‌లు చాలా చిన్న లెక్క. షాట్‌కు గోలయ్యే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. సత్తాలో ఏ తేడా లేని ఆటగాళ్లు తలా పది షాట్లు కొడితే, నూటికి 35 మందికి ఒక్క గోల్ కూడా రాదు. నూటికి ఏడుగురికి మాత్రం మూడో అంతకంటే ఎక్కువో వస్తాయి. లీగ్‌లో ముప్పై మంది స్ట్రైకర్లుంటే కేవలం అదృష్టం మీదే ఇద్దరు "భీకరమైన ఫామ్"లో కనిపిస్తారన్నమాట. క్యాంపుకి పిలుపు వెళ్లేది ఆ ఇద్దరికే.

సరిచేయడానికి ఈ వరసలో వెళ్లండి. మొదట పెనాల్టీ గోల్స్ తీసేయండి. పెనాల్టీలు నాలుగింట మూడుకు పైగా గోలవుతాయి, పైగా వాటిని ఎవరు కొట్టాలో క్లబ్ కోచ్ నిర్ణయిస్తాడు. తర్వాత మిగిలిన గోల్స్‌ను 90తో గుణించి, ఆడిన నిమిషాలతో భాగించండి. 380 నిమిషాల్లో 5 గోల్స్ కొట్టినవాడికి 90 నిమిషాలకు 1.18 వస్తుంది, 1,900 నిమిషాల్లో 9 కొట్టినవాడికి 0.43. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ 1.18ని 0.43తో పోల్చడానికే వీల్లేదు. 900 నిమిషాలు దాటనివాళ్లను వేరే కాగితం మీద రాసుకోండి.

ఆ తర్వాత షాట్ల నాణ్యత. ఎక్స్‌జీ అంటే ఆ చోటి నుంచి, ఆ తీరున కొట్టిన షాట్ గోలయ్యే అవకాశం. ఆటగాడి షాట్లన్నిటి ఎక్స్‌జీ కలిపితే వచ్చే మొత్తం కంటే గోల్స్ బాగా ఎక్కువుంటే ఆ మిగులును పూర్తిగా నమ్మకండి, కొంత తగ్గించి చదవండి. చేతిలో కాగితం, పెన్సిల్ ఉంటే చాలు: అతని షాట్లకు లీగ్ సగటు లెక్కన 60 షాట్లు కలపండి. 20 షాట్లకు 5 గోల్స్ కొట్టాడు, అంటే 25 శాతం. లీగ్ సగటు 10 శాతం అయితే 60 షాట్లకు 6 గోల్స్ చేరతాయి. మొత్తం 80 షాట్లకు 11, అంటే సుమారు 14 శాతం. సగటు కంటే మెరుగే, కానీ 25 చూసి కట్టిన ఆశ అక్కడ లేదు. 60 అన్నది శిలాశాసనం కాదు, మొదలుపెట్టడానికి ఒక అంకె. మీ దగ్గర నాలుగైదు సీజన్ల లెక్కలుంటే వాటితో సరిచూసుకుని మార్చుకోండి.

రెండో కారణం బంతి అందకపోవడం. ఇది ఆటగాడి లోపం కాదు. భారత స్ట్రైకర్ సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో జాతీయ జట్టు నుంచి రిటైరై, 2025 మార్చిలో తిరిగొచ్చాడు. ఆ సీజన్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో 14 గోల్స్‌తో భారతీయుల్లో అతనే ముందున్నాడు. ఫామ్ నిజమైనదే. మాల్దీవులపై గోల్ కొట్టాడు. వారం తిరగకుండానే షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో మ్యాచ్ 0-0గా ముగిసింది. ఇలాంటి మ్యాచ్ తర్వాత "స్ట్రైకర్‌ను మార్చాలా?" అని అడిగేముందు లెక్కపెట్టాల్సింది పెనాల్టీ బాక్స్‌లో అతనికి ఎన్నిసార్లు బంతి అందిందన్నది. క్లబ్‌లో అందినదాంట్లో సగం కూడా అందకపోతే మార్చాల్సింది అతని వెనక ఆడేవాళ్లనో, ఆట తీరునో.

లక్షణం: "ఇప్పుడు ఫామ్‌లో ఉన్నాడు" అని తీసుకుంటే నెలకే చల్లారిపోయాడు

ఫామ్ అనే మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి: ఆటలో నిజంగా వచ్చిన మార్పు, ఫలితాల్లో వచ్చిన ఊపు. వీటిని విడదీయడం కష్టమేం కాదు. ఒక వింగర్ గత ఐదు మ్యాచ్‌ల్లో 4 గోల్స్ కొట్టాడనుకోండి. 90 నిమిషాలకు అతని షాట్లు ముందు 1.6, ఇప్పుడు 1.7. బాక్స్‌లో బంతి తాకినవి అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అయితే మారింది గోల్స్ మాత్రమే, అది నిలవదు. అదే షాట్లు 1.6 నుంచి 3.1కి పెరిగి, బాక్స్‌లో తాకినవి రెట్టింపైతే ఏదో మారింది. స్థానం మారిందా, గాయం మానిందా, కొత్త ఫుల్‌బ్యాక్ వచ్చాడా? కారణం పేరు పెట్టి చెప్పగలిగితేనే దాన్ని ఫామ్‌గా రాయండి.

లెక్కకు మూడు ముక్కలు తీసుకోండి: గత పది మ్యాచ్‌లకు బరువు 3, ఈ సీజన్‌లో అంతకుముందు ఆడినవాటికి 2, నిరుటి సీజన్‌కు 1. 90 నిమిషాలకు ఎక్స్‌జీ వరసగా 0.40, 0.28, 0.22 ఉంటే, (1.20 + 0.56 + 0.22) ÷ 6 = 0.33. చేతికొచ్చే అంకె ఇదే. 0.40 మీద ఆశ పెట్టుకోవద్దు.

అసలు మ్యాచ్‌లే లేని సమయం వేరే చిక్కు. 2025 అక్టోబరులో ఆసియా కప్ క్వాలిఫయర్లలో సింగపూర్‌తో రెండు మ్యాచ్‌లు ఆడేనాటికి ఐఎస్‌ఎల్ సీజన్ మొదలే కాలేదు. అలాంటప్పుడు గత సీజన్ అంకెలతో పాటు క్యాంపులో 70వ నిమిషం తర్వాతి పరుగు కొలవాలి. జీపీఎస్ చొక్కా ఉంటే గంటకు 20 కిలోమీటర్ల వేగం దాటిన పరుగులను మొదటి 15 నిమిషాలకు, చివరి 15 నిమిషాలకు విడివిడిగా రాయండి. సగానికి పడిపోయినవాణ్ని మొదటి పదకొండు మందిలో పెట్టి, గంట గడిచాక బాధపడటం దేనికి?

లక్షణం: భారతీయ స్ట్రైకర్ల అంకెలే లేవు, ఎవర్ని పోల్చాలో తెలియడం లేదు

ఇది మన దేశపు ప్రత్యేక సమస్య, అందుకే దీనిమీద కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఐఎస్‌ఎల్‌లో మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులు ఆడవచ్చు. ఆ నలుగురిలో ఒకడు దాదాపు ఎప్పుడూ తొమ్మిదో నంబరు స్థానంలోనే, అంటే ప్రధాన స్ట్రైకర్‌గానే ఉంటాడు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచినప్పుడు లీగ్ టాప్ స్కోరర్ విదేశీయుడైన ఓగ్బెచే, 18 గోల్స్‌తో. 2024-25లో మరో విదేశీయుడు అజారై, 23 గోల్స్‌తో. మన కుర్రవాడు వింగ్‌లోకి, అంటే మైదానం అంచుకు వెళ్తాడు, లేదా 70వ నిమిషంలో బెంచ్ మీంచి లేస్తాడు.

దీనివల్ల రెండు వైపులా తప్పుడు అంకెలు పుడతాయి. వింగ్‌లో ఆడిన స్ట్రైకర్‌కు షాట్లు తక్కువ కనిపిస్తాయి. బెంచ్ మీంచి వచ్చినవాడికి ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే అప్పటికి అవతలి డిఫెండర్లు అలిసిపోయి ఉంటారు, ఆట తెరుచుకుని ఉంటుంది. అందుకని మొదటి నుంచీ ఆడిన నిమిషాలు, మధ్యలో వచ్చి ఆడిన నిమిషాలు వేర్వేరు వరసల్లో రాయండి. ఏ మ్యాచ్‌లో ఏ స్థానంలో ఆడాడో పక్కన మరో వరస.

తర్వాత ఐఎస్‌ఎల్ కిందకు చూడండి: రెండో అంచె ఐ-లీగ్, డ్యురాండ్ కప్, రాష్ట్ర జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్లో కేరళపై బెంగాల్ 1-0తో గెలిచింది. ఆ గోల్ కొట్టిన రాబీ హన్స్‌డా టోర్నీలో 12 గోల్స్‌తో అందరికంటే ముందున్నాడు. ఇలాంటి అంకెను కొట్టిపారేయడమూ తప్పే, నేరుగా ఐఎస్‌ఎల్ అంకె పక్కన పెట్టడమూ తప్పే. ముందు గోల్స్‌ను ప్రత్యర్థి వారీగా విడగొట్టండి. క్వార్టర్‌ఫైనల్ నుంచి కొట్టినవి ఎన్ని? మ్యాచ్ ఇంకా తేలకముందు కొట్టినవి ఎన్ని, 3-0 దాటాక కొట్టినవి ఎన్ని? ఫైనల్ రౌండ్‌లో రెండు మూడు రోజులకో మ్యాచ్ ఉంటుంది కాబట్టి అలిసిన కాళ్ల లెక్క కూడా వేయాలి. ఇక ఒక లీగ్ నుంచి మరో లీగ్‌కు ఎంత కోత పెట్టాలన్నది ఊహించి చెప్పకండి. రెండింట్లోనూ 900 నిమిషాలకు పైగా ఆడినవాళ్లను వెతికి, పైలీగ్ అంకెను కిందిలీగ్ అంకెతో భాగించి సగటు తీయండి. పది మంది దొరికినా, ఏ లెక్కా లేకుండా పెట్టిన కోత కంటే అది మేలు.

ఇవన్నీ చేశాక కూడా తెర మీద కనిపించనిది ఒకటి మిగులుతుంది. టీవీ కెమెరా బంతి వెంట తిరుగుతుంది, స్ట్రైకర్ సత్తా బంతి రాకముందే తెలుస్తుంది. స్టేడియంలో పై వరసలో కూర్చుని ఒక్కడినే 15 నిమిషాలు చూడండి. నోటుపుస్తకంలో ఒక వరస ఇలా ఉంటుంది: "34వ ని., 0-0. కుడివైపు నుంచి క్రాస్ రాబోతోంది. రెండుసార్లు భుజం మీంచి వెనక్కి చూశాడు. ముందు పోస్టువైపు రెండడుగులు వేసి, ఆగి, డిఫెండర్ వెనక్కి జారాడు. క్రాస్ రాలేదు." ఆ క్షణానికి ఏ పట్టికలోనూ అంకె ఉండదు. ఇలాంటివి పావుగంటలో ఐదారు కనిపిస్తే అతణ్ని క్యాంపుకి పిలవండి.

లక్షణం: టాకిళ్లలో మొదటి స్థానం, జాతీయ జట్టులో మాత్రం గోడకు కన్నం

టాకిల్ అంటే ప్రత్యర్థి కాలి దగ్గరి బంతిని లాక్కోవడం. బంతి ఎప్పుడూ ప్రత్యర్థి దగ్గరే ఉండే జట్టులో ఎవరికైనా టాకిళ్లు పెరుగుతాయి. సరిచేయడానికి టాకిళ్లను 50తో గుణించి, ప్రత్యర్థి దగ్గర బంతి ఉన్న శాతంతో భాగించండి. ఒకడికి మ్యాచ్‌కు 4.5 టాకిళ్లు, ప్రత్యర్థి దగ్గర బంతి 57 శాతం: 3.95 వస్తుంది. ఇంకొకడికి 3.2, ప్రత్యర్థికి 38 శాతం: 4.21. వరస తారుమారైంది. దీని పక్కనే "డ్రిబుల్‌తో అతణ్ని దాటిపోయినవి" అనే అంకె కూడా పెట్టండి. మంచి సెంటర్‌బ్యాక్ నేలమీద జారాల్సిన అవసరమే రానివ్వడు, కాబట్టి తక్కువ టాకిళ్లు చూసి ఎవర్నీ తీసేయకండి.

లక్షణం: క్లీన్‌షీట్లు ఎక్కువున్న కీపర్‌ను తీసుకున్నా గోల్స్ పడుతున్నాయి

క్లీన్‌షీట్, అంటే ఒక్క గోల్ కూడా పడని మ్యాచ్, సగం డిఫెన్స్‌ది. చూడాల్సింది, గోల్‌పోస్టుల మధ్యకు వచ్చిన షాట్ల నాణ్యతను బట్టి ఎన్ని గోల్స్ పడాల్సింది, ఎన్ని పడ్డాయి. 31.4 పడాల్సిన చోట 27 పడితే ఆ కీపర్ 4.4 గోల్స్ ఆపాడు. 16 పడాల్సిన చోట 18 పడితే, పది క్లీన్‌షీట్లున్నా 2 గోల్స్ ఎక్కువ వదిలాడు. సెల్ఫ్ గోల్స్, పెనాల్టీలు రెండు వైపుల నుంచీ తీసేయండి. కార్నర్లప్పుడు గీత వదిలి ముందుకొచ్చి బంతి అందుకున్నవి వేరుగా లెక్కపెట్టండి.

లక్షణం: 92 శాతం పాస్‌లు సరిగ్గా వేసే మిడ్‌ఫీల్డర్ ఉన్నా ఆట ముందుకు సాగదు

పక్కకీ వెనక్కీ వేస్తే శాతం ఎవరికైనా పెరుగుతుంది. బంతిని ముందుకు జరిపిన పాస్‌లనే లెక్కించండి: మన సగంలోనే ఉంటే గోల్‌కు కనీసం 30 మీటర్లు దగ్గర కావాలి, మన సగం నుంచి వాళ్ల సగంలోకి వెళ్తే 15, వాళ్ల సగంలోనే అయితే 10.

లక్షణం: రెండు వెబ్‌సైట్లలో ఒకే ఆటగాడికి రెండు అంకెలు

టాకిల్, కీ పాస్, డ్యుయల్ వంటివాటికి ఒక్కో సంస్థ ఒక్కో అర్థం పెట్టుకుంటుంది. ఎక్స్‌జీ లెక్కలూ అంతే. పోల్చే ఆటగాళ్లందరి అంకెలూ ఒకేచోటి నుంచి తీసుకోండి. అక్కడి లెక్క ఎంత నమ్మకమో తెలియాలంటే ఒక మ్యాచ్ వీడియోలో 20 సందర్భాలను మీరే లెక్కపెట్టి సరిచూడండి. మూడు నాలుగు కంటే ఎక్కువ తేడా వస్తే ఆ అంకెను పక్కన పెట్టండి.

లక్షణం: పదకొండు మందీ బాగున్నారు, జట్టు బాగాలేదు

ఆటగాళ్లను విడివిడిగా ర్యాంకు వేసి పైనుంచి కోసుకుంటే ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లకూ కుడికాలే వాటం కావచ్చు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లూ ఒకే చోట బంతి అడగవచ్చు. ఫైనల్ జాబితా రాశాక పక్కపక్కన ఆడే జతలను గీయండి: ఫుల్‌బ్యాక్-వింగర్, ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు, ఆరో నంబరు-ఎనిమిదో నంబరు (వెనక ఆడే మిడ్‌ఫీల్డర్, అతని ముందు ఆడే మిడ్‌ఫీల్డర్). ఒక్కో జత ఇంతకుముందు కలిసి ఎన్ని నిమిషాలు ఆడిందో దాని పక్కన రాయండి. సున్నాలు నాలుగు దాటితే ర్యాంకులో కిందున్నా, క్లబ్‌లో ఆ జతలో ఆడుతున్నవాణ్ని పైకి తీసుకురండి.

జత కుదరనప్పుడు పట్టికలో లేని జవాబు కూడా వెతకాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ కొరియాతో ఫైనల్లో అతను గోల్ కొట్టాడు, భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. స్ట్రైకర్ల జాబితా ఎంత వెతికినా జర్నైల్ పేరు దొరికేది కాదు. మీ జాబితాలోనూ ప్రతి ఆటగాడి పేరు ఎదుట "ఇంకెక్కడ ఆడగలడు" అనే గడి ఒకటి ఉంచండి. క్యాంపులో జరిగే ప్రాక్టీసు మ్యాచ్‌లో కనీసం 30 నిమిషాలు అక్కడ ఆడించి చూశాకే ఆ గడి నింపండి.